పుచ్చిన దుంగ

అక్కా,

బావ దాచుకున్న దుంగను పొయ్యిలో పెట్టేయమన్నావు. నేను నీ మాట వినలేదు. తిట్టాలనిపిస్తే ఈ ఉత్తరం చివరిదాకా చదివి తిట్టు.

బావ చనిపోయాక ఈ ఏడాదిలో షెడ్డు కప్పు కారి దుంగ పుచ్చిపోయింది. గోరు గుచ్చితే దిగిపోయేది. అయినా గిన్నె చేద్దామని మొండికేసి ఒక ముక్క కోసి, చెక్కను గిర్రున తిప్పే బావ లేతు మిషను మీద పెట్టాను. ఉలి తగలగానే పెళ్ల ఊడి వచ్చి నా ముఖానికి పెట్టుకున్న అద్దం పగిలింది. "నీకు పిచ్చి పట్టిందే!" అంది అమ్మ.

పట్టిందనే అనుకో. ఇంకో ముక్కను ఓవెన్లో ఆరబెట్టి, చెక్కను గట్టిపరిచే రెసిన్ ద్రవంలో ముంచి, బుడగలు ఆగేదాకా పంపుతో గాలి లాగేశాను. లోపలికి దిగిన రెసిన్ వేడికి గట్టిపడాలి. మళ్లీ ఓవెన్లో పెట్టి తీసి, కోసి చూస్తే నడిమధ్య మెత్తగానే ఉంది. తొందరపడి తడి ఉండగానే ముంచానని అర్థమైంది. మూడో ముక్కను ఆరబెడుతూ రోజూ తూచి, బరువు తగ్గడం ఆగాకే ముంచాను.

ఈసారి లేతు మీద గిన్నె పగలకుండా నిలిచింది. పుచ్చు పాకిన చోట నల్లటి సన్నగీతలు పడ్డాయి. బావ ఉంటే "మనం గీస్తే వస్తాయా ఇవి?" అని మురిసిపోయేవాడు.

ఇక నునుపు పెట్టడమే మిగిలింది. బావ చేసిన ప్రతి వస్తువుకీ ఆ పని నీదే. ఆయన పోయాక నువ్వు షెడ్డు గుమ్మం తొక్కలేదని నాకు తెలుసు. కానీ గిన్నెను నేను ముట్టుకోను, ఎవరినీ ముట్టుకోనివ్వను. అది లేతు మీదే ఉంటుంది.

ఆదివారం పొద్దున తలుపు తీసి ఉంచుతాను. రా.

నీ చెల్లి