తమ్ముడెక్కడని అడిగావు

యానాం

ప్రియమైన అమ్మకు నీ పెద్దకూతురు దీనమ్మ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసుకునే సంగతులు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పిన్ని దగ్గు తగ్గిందా? చూడి మేక ఈనిందా? అందరి మంచిచెడ్డలూ ఉపదేశిగారి చేత వివరంగా రాయించు. ఇక్కడ మాకు తిండికీ బట్టకీ లోటు లేదు. నువ్వు బెంగ పెట్టుకోకు.

వానలకి గోదారి ఎర్రగా వచ్చింది. మన మెట్ట ఊళ్ళో చెంబుడు నీళ్ళ కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. ఇక్కడ నీళ్ళు మంచం కిందకే వస్తానంటున్నాయి. ఉతికిన చీర ఆరదు, డబ్బాలో ఉప్పు నీరైపోతుంది. చేప లేనిదే ఇక్కడివాళ్ళకి ముద్ద దిగదు. పులస పడిందంటే వీధంతా పండగే, మనలాంటివాళ్ళకి మాత్రం వాసనతో సరి. నాకేమో మన ఉలవచారు మీదే ప్రాణం. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఉలవలు పంపు.

ఊళ్ళో పెద్ద గుడి ఉంది గాని అది కథోలిక్కులది, పూజ మనకి తెలియని భాషలో చేస్తారు. మన ప్రార్థనవాళ్ళవి నాలుగిళ్ళే. ఆదివారం అడవిపొలం అనే పేటలో ఒకరి అరుగు మీద కూడుతాం. నీ అల్లుడే వాక్యం చెబుతాడు. పడవలు చెక్కే వడ్రంగి ఇంత బాగా చెబుతాడా అని అందరూ మెచ్చుకుంటారు.

ఉపదేశిగారూ, తమరు ఇక్కడ కాస్త ఆగండి. అమ్మ నిలబడి ఉంటే కూర్చోబెట్టండి. పక్కన పిన్ని లేకపోతే పిలిపించండి. తరవాతిది మెల్లగా చదవండి, మీకు పుణ్యముంటుంది.

అమ్మా, తమ్ముడు సామేలు ఇక్కడ లేడు. వాడు బాగున్నాడనీ పని ఒత్తిడిలో ఉన్నాడనీ పోయిన ఉత్తరంలో రాసింది పచ్చి అబద్ధం. వాడు వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో, అసలున్నాడో లేడో మాకు తెలియదు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వాడు వెళ్ళడానికి ముందటి ఆదివారం నీ అల్లుడు మోషే సంగతి చెప్పాడు. బండతో మాట్లాడమని దేవుడంటే, మోషే జనం మీది కోపంతో కర్రెత్తి దాన్ని కొట్టాడనీ, ఆ కోపానికి పాలూ తేనె పారే దేశం కళ్ళతో చూశాడే గాని కాలు పెట్టలేకపోయాడనీ చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, నా మొగుడు ఎంత గొప్పవాడని.

ఆ వారంలోనే సామేలు బావతో పాటు పడవల పని దగ్గర ఒక టేకు పలకని గీసిన గుర్తుకి లోపల కోసేశాడు. పొట్టిదైపోయి పడవకి పనికిరాకుండా పోయింది. నీ అల్లుడు అందరి ముందూ వాణ్ణి నానా మాటలూ అన్నాడు. పెద్దమేస్త్రి అప్పలస్వామిగారు అడ్డం వచ్చారు. ఆయన ఈ పక్కనే మెట్టకూరు అనే ఊరి మనిషి, హిందువు, తలపండిన ముసలాయన.

"ఒరే అబ్బాయ్, పలక పోతే ఇంకో పలక తెచ్చుకుంటాం. కుర్రోడు పోతే ఎక్కడ్నుంచి తెత్తావు? సాయంత్రం దాకా నోరు కట్టుకో. అప్పుడు తిడతావో కొడతావో నీ ఇట్టం" అన్నారట.

అంతకంటే మంచి మాట ఎవరు చెబుతారమ్మా? నీ అల్లుడు ఏమన్నాడో తెలుసా? "దేవుడి వాక్కెం తెలీనోళ్ళ కాడ బుద్ధులు నేర్చుకునే కర్మ నాకు పట్టలేదు" అని, చేతిలో ఉన్న గజంబద్దతో సామేలుని వీపు మీద కొట్టాడు. పనివాళ్ళు నవ్వారు. ఈయనా నవ్వాడు. బద్ద దెబ్బ ఏముంది, మానిపోతుంది. ఆ నవ్వే వాణ్ణి చంపేసింది.

మోషేకి బుద్ధి చెప్పిన మామ మాత్రం మన దేవుడి మనిషా? మిద్యానులో పూజారి కాడూ? అయినా మోషే తల వంచి విని బాగుపడ్డాడు. ఇంత వాక్యం చెప్పే మనిషికి ఆ ముక్క తట్టలేదు. నాకూ అప్పుడు తట్టలేదులే.

పొద్దు వాలింది, తమ్ముడు అన్నానికి రాలేదు. కోపం మీద పొద్దు గూకనివ్వకూడదని నువ్వు నాకు ఉగ్గుపాలతో చెప్పిన మాటే కదా. "బావా, ఎల్లి పిలుసుకురా, దీపాలు పెట్టే ఏళయింది" అన్నాను. "సిన్నోడు ఆడా నేనా? ఆకలేత్తే ఆడే వత్తాడు" అన్నాడు. నేను వెళతానంటే, గుమ్మం దాటితే మళ్ళీ లోపలికి రావద్దన్నాడు. నేను ఆగిపోయాను. మొగుడి మాటకి భయపడి కాదమ్మా, పంతం పట్టి. చూద్దాం ఈయన ఎంతసేపు కూర్చుంటాడో అని నేనూ కూర్చున్నాను.

మర్నాడు మేస్త్రిగారే వచ్చి చెప్పారు. సామేలు నీటి పోటు మీద సముద్రంలోకి బయల్దేరిన సరుకు పడవలో కళాసీగా ఎక్కేశాడట. ఈయన వాడి చెయ్యి పట్టుకుని ఆపబోయారట. "కొట్టినందుక్కాదు తాతా. బావ కూడా నవ్వేడు" అన్నాడట మన పిల్లాడు. ఆ వెనకే వాయుగుండం పట్టింది. అదే సమయంలో బయల్దేరిన వేరే పడవలు తిరిగొచ్చాయి. ఇది రాలేదు. రేవులో అడిగితే కబురు లేదంటారు, ఈమధ్య నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు.

నీ అల్లుడు అరవడం మానేశాడు. అరిచే మనిషి అరవడం మానేస్తే చాలు దేవుడా అని నేనే ప్రార్థన చేసుకునేదాన్ని. ఇప్పుడు ఒక్క కేక వేస్తే బాగుండునని ఉంది. పనికి వెళ్ళి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటాడు. ఆదివారం వాక్యం చెప్పమంటే నుంచుని, మళ్ళీ కూర్చుండిపోయాడు. నేను ఓదార్చానా అంటే లేదు. గిన్నెలు ఠంగున పడేసి వడ్డిస్తున్నాను. నా కోపం మీద ఎన్ని పొద్దులు గూకాయో ఆ దేవుడికే తెలియాలి. నాలుక చివరిదాకా మంచి మాట వస్తుంది, ఆయన మొహం చూడగానే తమ్ముడి వీపు గుర్తొస్తుంది.

నీ ఉత్తరం వచ్చింది. ఆయన అన్నం తింటూ చదవమన్నాడు, చదివాను. "తమ్ముడెక్కడ? వాడి చేత రెండు ముక్కలు రాయించవేం?" అని నువ్వు అడిగిన చోట ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "తమ్ముణ్ణి సంపినాక దేవుడు కయీనుని ఇదే అడిగేడే" అన్నాడు. అంతే, చెయ్యి కడుక్కోకుండానే లేచిపోయాడు.

నీకు రాస్తానని చెబితే వద్దనలేదు. ఒక్కటే అడగమన్నాడు. "నా గురించి పార్దన సెయ్యొద్దను. ఆడి పేరెట్టి సెయ్యమను. నాకు ఆడి పేరు నోటికి రాటం లేదు" అన్నాడు.

అమ్మా, నాన్న పోయాక వాణ్ణి తెచ్చి మా చేతుల్లో పెట్టావు. అప్పగించమంటే మా దగ్గర లేడు. క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. తిట్టు, శాపనార్థాలు పెట్టు, మా మొహం చూడనని రాయించు, ఏదైనా పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకు. ఈ ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోకుండా బతుకుతున్నాం, నువ్వు కూడా ఊరుకుంటే ఇక నాకు ఎవరూ లేరు.

ఉపదేశిగారికీ వారింటి అమ్మగారికీ మా వందనాలు. పిన్నికి, బాబాయికి, అడిగినవాళ్ళందరికీ మా నమస్కారాలు చెప్పు. దీవించమని అడిగే హక్కు పోయింది గాని, అలవాటు చొప్పున తల వంచుతున్నాను.

ఇట్లు,
నువ్వు ఇంకా కాదనకపోతే,
నీ కూతురు
దీనమ్మ