అమ్మ రంగు

ఆత్మకూరు, 12-8-1981

నాయనా,

ఉలి తగిలిన వేలు మానింది, దిగులుపడవద్దు. తోలు మాస్కుల పనిలో నిన్న మొదటిసారి నా అంతట నేను ఒక ముఖం చేశాను. తడి మేకతోలును వేళ్లతో నొక్కి, కనుబొమలు, పెదవులు మనసుకు తోచినట్టు చెక్కాను. నన్ను చూడవచ్చిన కామాక్షమ్మ పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది మా అక్క మొహమే గదే! నువ్వెప్పుడు చూసినావే?" అని ఏడ్చింది. నన్ను కన్నరోజే పోయిన అమ్మను నేనెక్కడ చూశాను? ఫోటో కూడా లేదు కదా.

మా మేస్త్రి ఖలీలుల్లా గారు రంగు వేయమన్నారు. నేను వేయలేదు. అమ్మ నలుపా, చామనఛాయా? పిన్నిని అడగొచ్చు, కానీ నీ నోటే వినాలనుంది. నువ్వు బాధపడతావని ఇన్నేళ్లూ అడగలేదు.

అవ్వ మందులు మానకుండా చూడు. మేకలను పెద్దమ్మకు అప్పజెప్పి బస్సెక్కి రా. ఏ రంగో నువ్వే చూపించు.

నీ కాళ్లకు మొక్కుతూ,
అంకమ్మ