చిటికెన వేలు

అక్కా,

విత్తనానికి చెనక్కాయలు ఒలిచి ఒలిచి నా వేళ్లు కూడా మొద్దుబారాయి. నీకొచ్చిందే నాకూ వచ్చిందనుకుని, ఎవరికీ చెప్పకుండా అనంతపురం వెళ్లాను.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని మణికట్టు మీద వేలితో తట్టింది. "జివ్వుమంటాందా?" అంది. నమస్కారాన్ని తిరగేసినట్టు, చేతుల వెనకవైపులు ఆనించి వేళ్లు కిందికి పెట్టించింది. కాసేపటికి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కాయి. చిటికెన వేలికి ఏమీ కాలేదు.

"పెద్దరోగమా తల్లీ, కుష్టా?" అని అడిగాను.

"యాడిదమ్మా! మణికట్టు కాడ నరం నలుగుతాండాది, అంతే. చిటికెన వేలికి పొయ్యే నరం వేరే, అందుకే దానికేం కాలా."

నీ చిటికెన వేలు కూడా బాగానే ఉండేది. పెనం మీద కాలినా తెలియని ఆ మూడు వేళ్లను చూసే, పెద్దరోగమని నిన్ను పశువుల కొట్టంలో పెట్టారు. అక్కడే జ్వరమొచ్చి పోయావు.

ఈ పరీక్షకు సూది కూడా అక్కర్లేదక్కా. ఎవరో ఒకరు నీ చెయ్యి ముట్టుకోవాలి, అంతే.