ఏడు రోజుల ఉల్లిపాయల శిక్ష

పటమట,
6-11-1946

గన్నవరం సుబేదారు వీరభద్రయ్య గారికి నమస్కారాలు.

ఈ ఉదయం రేషను ఇన్‌స్పెక్టరు ఇన్నయ్య గారి టైకి ఉల్లిపొట్టు అంటుకుని ఉంది. ఆయన మా హోటలు వంటింట్లో ఉల్లిపాయలు తరగడం ఇది నాలుగో రోజు.

బర్మాలో మీ కింద పనిచేసిన హవల్దారు శౌరయ్య గారి అమ్మాయిని నేను. యుద్ధం ముగిసి ఏడాది దాటినా, నాన్న ఈల వేస్తేనే మా హోటల్లో భోజనం. వచ్చినవారు వరసలో నిలబడి, పేరు పిలిస్తే పలకాలి. ఆదివారం నాన్న ఈల వేశాక ఇన్నయ్య గారు వచ్చారు. నాన్న ఏడు రోజుల శిక్ష వేశారు.

రేపు పనిలోకి రాకపోతే ఉద్యోగం ఊడుతుందని ఆఫీసు బంట్రోతు వచ్చి చెప్పాడు. బియ్యం పర్మిట్ల మీద ఆయన సంతకం కోసం హోటళ్ళవాళ్ళు మా గుమ్మంలోనే ఉన్నారు. నాన్న వాళ్ళనీ వరసలో నిలబెట్టారు.

"తలుపు తీసే ఉంది, వెళ్ళిపోండి" అన్నాను.

"అమ్మో, మీ నాన్నగారి ఆర్డరండీ!" అన్నారు ఇన్నయ్య గారు, కళ్ళు తుడుచుకుంటూ.

నాన్నని బతిమాలాను. "నా పైఅధికారి కాగితం మీద రాసిస్తే ఈ క్షణమే వదిలేస్తా. సుబేదారు గారి సంతకం తెచ్చుకో" అన్నారు.

అందుకే ఈ ఉత్తరం. దయచేసి విడుదల ఆర్డరు రాసి, ఇది తెచ్చిన బంట్రోతు చేతికే ఇవ్వండి.

ఇట్లు,
శౌరయ్య గారి అమ్మాయి

తా.క. ఈ ఆదివారం చర్చి పూజలో ఫాదరు గారు ఇన్నయ్య గారికీ నాకూ పెళ్ళి ప్రకటన చదువుతారు.