బాపు ముక్కుకు అందని వాసన

మంగళవారం, రాత్రి

నయాపూల్‌లోని మా చాయ్‌పత్తి దుకాణానికి పొద్దున పాత గిరాకీ ఒకాయన డబ్బా తెచ్చాడు. చైనా రాతికొండల ఊలాంగ్ టీ, వానలకు చెమ్మ పట్టింది, మళ్లీ సెగ మీద ఆరబెట్టి ఇమ్మన్నాడు. బాపు ఎప్పటిలాగే బొగ్గుల నిప్పు మీద బూడిద కప్పి, పైన వెదురు జల్లెడలో ఆకు పరిచాడు. ఈ ఆకు ముందే నల్లగా ఉంటుంది. ఎప్పుడు మాడేదీ కంటికి తెలియదు, ముక్కుతోనే పట్టాలి. నలభై ఏళ్లుగా ఆ పని బాపుదే.

కాసేపటికి నేను లోపలికి పోతే మాడు వాసన గుప్పుమంది. బాపు జల్లెడ మీదికి వంగి, కళ్లు మూసుకుని గాలి పీలుస్తున్నాడు.

"బాపూ, మాడుతున్నది!"

"ఏంది నీ లొల్లి? ఇంకా వాసననే రాలే. జర ఆగు బిడ్డా."

జల్లెడ లాగేశాను. ఆయన ఆకు వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. "మీ అమ్మకు చెప్పకు" అన్నాడు మెల్లగా.

చెప్పలేదు. టీ పోతే పోయింది, గిరాకీ కాళ్లావేళ్లా పడతాను. కానీ రోజూ అందరికంటే ముందు లేచి, కిటికీలు మూసిన వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలిగించేది బాపే.

ఇప్పుడే వెళ్లి సిలిండర్ ఆపేసి వచ్చాను. ఆపానో లేదో మళ్లీ చూసి రావాలి...