అనుమతించను

జూన్ 2, సోమవారం

ప్రొద్దుటూరు బట్టలంగడిలో బిల్లులు కొట్టింది చాలు. ఈ రోజు నుంచి ఫోనులో అకౌంట్స్ కోర్సు! అంగడిలో తెలియకూడదు. తెలిస్తే ఓనరు ఆదినారాయణ సార్ నా కోర్సు అయ్యేదాకా ఆగడు, ఇంకొకరిని పెట్టుకుంటాడు.

ఈ యాప్‌లు మన వివరాలన్నీ లాగుతాయని తమ్ముడు నవీన్ హెచ్చరించాడు. అందుకే శపథం: పేరు, ఫోను నంబరు తప్ప ఒక్క ముక్క ఇవ్వను. లొకేషన్, కెమెరా, కాంటాక్టులు అడిగింది. అన్నిటికీ 'అనుమతించను' నొక్కాను. ఎంత హాయి!

జూన్ 4, బుధవారం

పాఠం సగంలో ఆగింది. లొకేషన్ ఇస్తేనే 'మీకు తగిన పాఠాలు' అట. డెబిట్, క్రెడిట్ పులివెందులలో ఒక రకం, జమ్మలమడుగులో ఇంకో రకం ఉంటాయా?

ఇచ్చాను. ఊరి పేరేగా.

జూన్ 7, శనివారం

పరీక్షకు కెమెరా తప్పనిసరి. ఇచ్చాను. అమ్మ కాఫీ తెచ్చి నా వెనక నిలబడింది. 'అనుమానాస్పద వ్యక్తి' అని పరీక్ష ఆపేశారు. అమ్మకు చెప్పలేదు. ఆమె సండే స్కూల్ టీచరు.

తర్వాతి పాఠంలో ఆవులించాను. 'విసుగొస్తోందా సుస్మితా?' అని మెసేజ్.

జూన్ 11, బుధవారం

కాంటాక్టులు ఇస్తే రెండో భాగం ఉచితం. ఇవ్వను.

రెండో భాగం ఖరీదు చూశాను. ఇచ్చాను. ఆ పేర్లతో వాళ్లేం చేసుకుంటారు, శుభలేఖలు పంచుతారా?

జూన్ 12, గురువారం

పంచారు. నా ఫోనులో ఉన్న ప్రతి ఒక్కరికీ. 'సుస్మిత కొత్త ఉద్యోగం కోసం మా దగ్గర చదువుతున్నారు. మీరూ చేరండి.' పాలాయనకు, పాస్టరుగారికి, జమ్మలమడుగు అత్తకు. సార్‌కు కూడా.

సార్ తన ఫోను నా ముందు పెట్టాడు.

"ఏం పాపా, అంగడి ఇడిసిపెట్టి పోతాండావంట?"

ఊరికే నేర్చుకుంటున్నానని నసిగాను.

"పోతే పో. నాతో ఒక మాట చెప్పింటే సరిపోయేది. వాడెవడో చెప్తే నాకు తెలియాల్నా?"

కొత్త మనిషిని చూస్తానని, నెలాఖరు దాకా రమ్మని అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

జూన్ 13, శుక్రవారం

మీ వల్ల నా ఉద్యోగం పోయిందని యాప్ వాళ్లకు ఫిర్యాదు రాశాను. వెంటనే జవాబు: 'అభినందనలు! ఇక చదువుకు మీకు మరింత సమయం దొరుకుతుంది.' కింద ఒక ప్రకటన, ఉద్యోగం పోయినవారికి ప్రత్యేక కోర్సు.

జూన్ 16, సోమవారం

ఆ యాప్ తీసేశాను. వేరే సంస్థది దించుకున్నాను. శపథం మళ్లీ మొదలు. ఈసారి పేరు కూడా ఇచ్చేది లేదు.

తెరిచాను.

'స్వాగతం సుస్మితా. అక్కడ రెండో భాగంలో ఆపేశారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదామా?'