ఏకగ్రీవమైన వార్డు

శుక్రవారం, రాత్రి

మా వార్డు మళ్ళీ ఏకగ్రీవం. ఓటు హక్కు వచ్చి నాలుగేళ్ళయినా నాకిదే మొదటి మున్సిపల్ ఎన్నిక. అదీ లేకుండా పోయింది. పక్క వీధిలో ఇంకా టపాసులు కాలుస్తున్నారు.

అప్పుడెప్పుడో పోటీ జరిగినప్పుడు రెండు పార్టీలవాళ్ళూ మా గుమ్మాలు అరగదీశారు. పాడైన మంచినీళ్ళ ప్లాంటు వారంలో బాగయింది. ఈసారి అదే ప్లాంటు మూతపడి ఎండాకాలమంతా గడిచింది. ఒక్కడూ తొంగిచూడలేదు. నాన్నకి కిడ్నీలు పోయాక కూడా మేము బోరునీళ్ళే తాగుతున్నాం. ఓటు అక్కర్లేనివాడికి మా దాహంతో పనేముంది?

అధికార పార్టీవాళ్ళకి ఎదురుగా నామినేషన్ వేసింది ఒక్క అప్పలమ్మత్తే. ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చుని జీడిగింజలు కొడుతుంది. ఈ మధ్యాహ్నం ఆమె కూడా వెనక్కి తీసుకుంది. పని దిగాక గేటు దగ్గర ఆపి అడిగాను.

"ఏటత్తా, భయపెట్టారా?"

"భయమేటి? మా వోడి ఆటోకి స్టాండులో సోటు నేదన్నారు. సంతకం ఎట్టీసొచ్చాను. ఇప్పుడు ఉందంటన్నారు."

"మరి నీళ్ళ సంగతేటి? అందరం నోరు మూసుకోవడమేనా?"

ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నీకంత రోసముంది కదే అమ్మీ. మరి నువ్వెందుకు నిలబడనేదు?"

మన యజమాని ఆ పార్టీవాడే కదత్తా, పనిలోంచి తీసేస్తాడని, అనబోయి ఆగిపోయాను.

ఆమెకీ ఆయనే యజమాని. రేపు మళ్ళీ ఆమె పక్కనే కూర్చోవాలి.